ఇటలీలో చిన్న కుటుంబ హోటల్లో భోజనం: ఎలా చేయాలి?

ఇటలీలో త్రత్తొరియా అంటే మన పూటకూళ్ల ఇంటికి దగ్గరి చుట్టం. వంటింట్లో అమ్మో నాయనమ్మో, గల్లాపెట్టె దగ్గర నాన్న, వడ్డనకు కొడుకో కోడలో ఉంటారు. టేబుళ్లు పది దాటవు. మెనూ ఒక్కోసారి గోడ మీద పలకపై సుద్దతో రాసి ఉంటుంది. ఇలాంటి చోట తినాలంటే వాళ్ల వేళకి వెళ్లాలి, వాళ్ల వరసలో తినాలి.

1. ముందు వేళ చూసుకోండి

మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడున్నర తర్వాత. మామూలుగా పొయ్యి వెలిగేది ఈ రెండు పూటలే. సాయంత్రం అయిదింటికి ఆకలేసి వెళితే తలుపు మూసే ఉంటుంది. వారంలో ఒక రోజు సెలవుంటుంది, తలుపు మీద 'కియూసో' అని రాసి ఉంటే ఆ రోజు మూసినట్టే. ఆగస్టు 15న వాళ్లకు ఫెర్రగోస్తో పండగ. ఆ చుట్టుపక్కల చాలామంది వారాల తరబడి తాళం వేసి సముద్రం వైపు వెళ్లిపోతారు. శుక్ర, శనివారాల రాత్రి వెళ్లాలనుకుంటే ఆ పొద్దునే ఒకసారి అటు వెళ్లి టేబుల్ చెప్పి రండి.

2. గుమ్మంలో పలకరించండి

తిన్నగా వెళ్లి ఖాళీ కుర్చీలో కూర్చోవద్దు. గుమ్మంలో ఆగి పగలైతే 'బువొన్ జోర్నో', రాత్రయితే 'బువొనసేర' అనండి. ఇద్దరుంటే 'సియామో ఇన్ దూయే' అని వేళ్లు చూపిస్తే చాలు, ఎక్కడ కూర్చోవాలో వాళ్లే చూపిస్తారు.

3. మెనూ వరస తెలుసుకోండి

మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. అంతిపాస్తి అంటే ముందు కొరికేవి. ప్రీమి అంటే పాస్తా, రిజోత్తో అనే అన్నం వంటకం, సూపు. సెకోంది అంటే మాంసం, చేప. కొంతోర్ని అంటే కూరగాయలు. మనకు అన్నం, పప్పు, కూర, పెరుగు ఒకే కంచంలోకి వస్తాయి. వాళ్లకు ఒకటి తిన్నాక ఇంకొకటి వస్తుంది. సెకోందో చెబితే ప్లేట్లో మాంసం ముక్క ఒక్కటే రావచ్చు, పక్కన ఆకుకూరో బంగాళాదుంపో కావాలంటే కొంతోర్నో విడిగా చెప్పాలి. నాలుగూ తినాలన్న రూలేమీ లేదు. ఒక ప్రీమో, ఒక కొంతోర్నో చెప్పినా ఎవరూ మొహం మాడ్చుకోరు.

రోమ్‌లో అయితే వారాన్ని బట్టి వంట అనే పాత అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది: గురువారం బంగాళాదుంప ఉండల నోక్కి, శుక్రవారం చేప, శనివారం ఆవు పొట్ట వంటకం త్రిప్పా. ఆ రోజు ఏది చేశారో అడిగి అదే తినడం నా పద్ధతి.

4. శాకాహారులైతే విడమరిచి చెప్పండి

'వెజెతారియానో' (ఆడవాళ్లయితే 'వెజెతారియానా') అంటే సరిపోతుందనుకోకండి. 'సెంత్సా కార్నే, సెంత్సా పేషే' అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. కార్బొనారా, అమత్రిచానా పాస్తాలు రెండింట్లోనూ గ్వాన్చాలే ఉంటుంది, అది పంది చెంప మాంసం. కూరగాయల సూపులోనూ మాంసం ఉడికించిన నీళ్లు పోసి ఉండవచ్చు, అడగండి. పర్మిజానో చీజ్‌కి పాలు విరగ్గొట్టేది దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో, గొర్రెపాల చీజ్ పెకొరీనోకి ఎక్కువగా గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన దాంతో. అంత పట్టింపు ఉన్నవాళ్లు ఈ రెండూ వదిలేయాలి. లేనివాళ్లకు మిరియాలు, పెకొరీనో కలిపిన పాస్తా 'కాచో ఎ పేపే' దొరికితే పండగే. 'పెపెరోని' చూసి భయపడకండి. అది పిజ్జా మీద వేసే మాంసం కాదు, అక్కడ ఆ మాటకు అర్థం క్యాప్సికం.

కారం చాలకపోతే 'పెపెరొంచీనో' అని అడిగితే ఎండుమిరప పొడో, మిరపకాయలు వేసిన నూనో తెచ్చిపెడతారు. ఆవకాయ సీసా మాత్రం గదిలోనే ఉంచండి.

5. ధర పక్కన చిన్న అక్షరాలు చదవండి

సముద్రం పక్కన ఒక ఊళ్లో కాల్చిన చేప 6 యూరోలని చూసి మేం సంబరంగా చెప్పాం. పళ్లెం పట్టనంత చేప వచ్చింది. బిల్లు 54 యూరోలు. మెనూ మళ్లీ తిరగేస్తే ధర పక్కన చీమంత అక్షరాల్లో 'ఎత్తో' అని ఉంది. ఎత్తో అంటే 100 గ్రాములు, మా చేప 900 గ్రాములు. చదువుకోకపోవడం మా తప్పే అయినా, తూచేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే చేప చెప్పేముందు 'క్వాంతో పేజా?' అనండి, ఎంత బరువు తూగుతుందని. పేరు పక్కన నక్షత్రం గుర్తు (*) ఉంటే చాలావరకు అది ఫ్రీజర్లోంచి తీసిన సరుకు.

మంచినీళ్లు కూడా మామూలుగా సీసాల్లో కొనాల్సిందే: 'నతురాలే' మామూలు నీళ్లు, 'ఫ్రిద్జాంతే' గ్యాసువి. బిల్లులో మనిషికి ఒకటి నుంచి మూడు యూరోల దాకా 'కోపెర్తో' కనిపిస్తుంది. అది మోసం కాదు, టేబులుకీ రొట్టెకీ వేసే రుసుము. రోమ్ ఉన్న లాత్సియో ప్రాంతంలో 2006 చట్టం దాన్ని వేయకూడదంది, కాబట్టి అక్కడ 'పానే' అని రొట్టె ధర వేస్తారు.

6. తినేటప్పుడు

చేపలు, రొయ్యల పాస్తా మీద చీజ్ అడిగితే వడ్డించేవాళ్ల కనుబొమలు లేస్తాయి. భోజనమయ్యాక కాపుచీనో అడిగినా అంతే, ఆ వేళకి చిన్న కప్పులో ఎస్ప్రెస్సో. ఇక పళ్లెంలో మిగిలిన సాసుని రొట్టెముక్కతో తుడుచుకు తినడం మనకు చెప్పనక్కర్లేదు కదా! దానికక్కడ 'స్కార్పెత్తా' అని పేరు. పెద్ద హోటళ్లలో చేయరు గానీ ఇలాంటి చోట నిక్షేపంగా చేయవచ్చు.

7. బిల్లు అడిగితేనే వస్తుంది

అడగకుండా బిల్లు తెస్తే లేచి పొమ్మన్నట్టని వాళ్ల లెక్క. గంట కూర్చున్నా తీసుకురారు. 'ఇల్ కోంతో, పెర్ ఫవోరే' అనండి. బిల్లులో 'సెర్విత్సియో', అంటే వడ్డన రుసుము, లేకపోతే చిల్లర వదిలితే చాలు, అదీ తప్పనిసరి కాదు. వెళ్తూ వంటింటి వైపు చూసి 'తుత్తో బువొనిస్సిమో', అన్నీ చాలా బాగున్నాయి అనండి. లోపలి నుంచి ఎవరో ఒకరు చేతులు తుడుచుకుంటూ తొంగి చూస్తారు.