రూములో వైఫై స్లోగా ఉందా? ప్లాన్ మార్చే ముందు ఇవి చూడండి

కడపలో ఆరుగురు విద్యార్థులం ఒక ఇల్లు బాడుగకు తీసుకుని ఉంటున్నాం. నెట్ ఆగినప్పుడల్లా "పెద్ద ప్లాన్ వేయిద్దాం" అనుకునేవాళ్లం. వేయించాం కూడా. రెండు నెలలు ఎక్కువ బిల్లు కట్టాక గానీ లోపం ఇంట్లోనే ఉందని తెలియలేదు.

సమస్య: ముందు గదిలో బాగా వస్తుంది, వెనక గదిలో వీడియో తిరుగుతూనే ఉంటుంది.

కారణం: రూటర్ పెట్టిన చోటు. మాది గోడ అలమరలో ఉండేది. పైన కడప బండ, కింద కడప బండ, వెనక గోడ, ముందు మూసిన తలుపు. చాలా రూటర్లు రెండు రకాల వైఫై సిగ్నల్ ఇస్తాయి. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు వేగం ఎక్కువ, కానీ గోడలు దాటేసరికి బలం పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ అయితే ఎక్కువ దూరం అందుతుంది, కానీ వేగం తక్కువ.

పరిష్కారం: అలమరలోంచి తీసి హాలు గోడకు తలెత్తున పెట్టాం. వెనక గదిలో ఆన్‌లైన్ క్లాసు ఆగకుండా నడిచింది. జరిపేటప్పుడు ఫైబర్ తీగ మడత పడకూడదు, లోపల ఉండేది గాజు. తీగ చాలకపోతే లాగకండి, టెక్నీషియన్‌ను పిలవండి.

సమస్య: రాత్రి తొమ్మిది దాటితే స్లో.

కారణం: ఇంట్లో వాడకం కావచ్చు, బయట లైన్ మీద రద్దీ కావచ్చు. తేల్చుకోవాలంటే అందరూ వైఫై ఆపి, రూటర్ నుంచి ఒక ల్యాప్‌టాప్‌కు నేరుగా లాన్ వైరు పెట్టి స్పీడ్ టెస్ట్ చేయండి. పగలు ఒకసారి, రాత్రి ఒకసారి.

పరిష్కారం: 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో రెండుసార్లూ 90 పైన వస్తే లైన్ బాగున్నట్టే, ఇంట్లో వాడకమే ఎక్కువైనట్టు. ఎంబీపీఎస్ అంటే సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు. కాబట్టి డౌన్‌లోడ్‌లో కనిపించేది సెకనుకు 11-12 ఎంబీ (మెగాబైట్లు). పెద్ద డౌన్‌లోడ్లు పడుకునే ముందు పెట్టుకోండి. రాత్రి మాత్రం వైరులో కూడా 20కి పడిపోతే కంపెనీకి ఫిర్యాదు చేయండి. అక్కడ పెద్ద ప్లాన్‌తో లాభం ఉండకపోవచ్చు.

200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉన్నా వైరులో 95 దాటకపోతే పాత కేబులో, 100 వరకే ఇచ్చే పోర్టో (వైరు గుచ్చే చోటు) అడ్డు కావచ్చు. నెలాఖరులోనే తగ్గితే డేటా పరిమితి అయిపోయిందేమో యాప్‌లో చూడండి. రూటర్ మీద ఎల్‌ఓఎస్ (LOS) అని రాసి ఉన్న చోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ సిగ్నల్ అందనట్టు, రీస్టార్ట్‌లతో టెన్షన్ పడకుండా ఫిర్యాదు పెట్టండి.

కొత్తగా తీసుకుంటుంటే పక్కింటివాళ్లను రాత్రి తొమ్మిదికి ఎలా వస్తుందో అడగండి. మొదట ఒక్క నెలకే కట్టండి. ఏడాది ప్లాన్ చవకే, కానీ వేసవి సెలవుల్లో అందరం ఊళ్లకు పోతాం. చెప్పే ధరపై 18 శాతం జీఎస్టీ కలుపుకుని ఆరుగురికీ పంచండి.