న్యూ ఇంగ్లండ్ తొలి వలసదారుల మూలాలు వెతకడం ఎలా?

1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చినవారు మొదలుకొని 1640 దాకా న్యూ ఇంగ్లండ్‌కు, అంటే అమెరికా ఈశాన్య తీర ప్రాంతానికి, తరలివెళ్లిన ఆంగ్లేయుల్లో చాలామంది సొంత ఊరు ఏ కాగితంలోనూ కనిపించదు. అందుకే నేరుగా ఇంగ్లండ్ రికార్డులు తెరవకుండా, ముందు అమెరికాలో దొరికే వీలునామాలు, భూమి పత్రాలు, చర్చి సభ్యుల పట్టికలు, కోర్టు వాంగ్మూలాలు క్షుణ్ణంగా చదవాలి. వాంగ్మూలంలో సాక్షి తన వయసు చెప్పి ఉంటే పుట్టిన సంవత్సరం ఉజ్జాయింపుగా తేలుతుంది.

ఆ తరువాత అమెరికాలో ఆ వలసదారుడికి ఇరుగుపొరుగున ఉన్నవారిని పరిశీలించండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఆధారం ఇదే, ఎందుకంటే వారిలో అనేకులు బంధువులతోనో, తమ ఊరి మతగురువు వెంటనో గుంపుగా బయలుదేరారు. మసాచుసెట్స్‌లోని హింగమ్‌కు ఆ పేరు రావడానికి కారణం ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీలో ఉన్న హింగమ్ నుంచి వచ్చినవారే. అబ్రహాం లింకన్ పూర్వీకుడు శామ్యూల్ లింకన్ మూలాలు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఊరు అంచనాకు వచ్చాక పారిష్ రిజిస్టర్లు, అంటే ఊరి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు నమోదు చేసిన పుస్తకాలు, చూడాలి. ఇవి 1538లో మొదలైనా తొలినాటివి చాలా చోట్ల నశించాయి. అటువంటప్పుడు 1598 నుంచి ఏటా బిషప్‌కు పంపిన వాటి నకళ్లు ఆదుకోవచ్చు. ఆ కాలంలో ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, 1609 ఫిబ్రవరి అని రాసి ఉన్నది మన లెక్కలో 1610 ఫిబ్రవరి అవుతుంది.

అసలు ప్రమాదం పేరు కలిసినప్పుడే ఎదురవుతుంది. సరైన పేరుతో, సరైన ఏట బాప్తిస్మం నమోదు కనబడగానే వెతుకులాట ముగిసిందనుకోకండి. ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయి ఉండవచ్చు, లేదా పెరిగి, పెళ్లాడి, అదే ఊళ్లో స్థిరపడి ఉండవచ్చు. వలస వచ్చినవాడు అతడేనని చెప్పాలంటే సముద్రానికి రెండు వైపులనూ కలిపే పత్రం కావాలి. "న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న నా కుమారునికి" అని రాసిన వీలునామాను మించిన రుజువు అరుదు. అప్పట్లో వీలునామాలను ధ్రువీకరించేది చర్చి న్యాయస్థానాలే; వాటిలో పెద్దదైన కాంటర్‌బరీ ఆర్చిబిషప్ న్యాయస్థానంలో నమోదైన వీలునామాలు లండన్‌లోని క్యూలో, నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చిన్న చర్చి న్యాయస్థానాలవి ఎక్కువగా కౌంటీ రికార్డు కార్యాలయాల్లో దొరుకుతాయి. తండ్రి వీలునామా లేకపోతే పిల్లలు లేని మేనత్తలవి, పినతండ్రులవి, వితంతువులైన నాయనమ్మలవి తప్పక చదవండి, ఎందుకంటే దూరదేశంలో ఉన్న పిల్లలను కూడా పేరుపేరునా తలచుకుని ఎంతో కొంత రాసిచ్చినవారిలో వీరూ ఉన్నారు.