పాత సామాన్ల బజార్లో ఫొటోలు: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేసుకోవాలి

హైదరాబాద్‌లో గురువారమైతే పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్, ఆదివారమైతే ఎర్రగడ్డ సంత. నేల మీద పరిచిన పాత సామాన్ల మధ్య రంగులు, డిజైన్లు వెతుక్కుంటూ కెమెరాతో తిరగడం నాకు అలవాటు. మొదట్లో వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి తేడా కొట్టేది. ఆ తేడాలూ, వాటి మందులూ ఇవి.

సమస్య: రెండు గంటలు తిరిగినా తీయదగ్గది ఒక్కటీ కనపడలేదు

కారణం: మనం కొనేవాళ్ళలా చూస్తాం. ఇది పనిచేస్తుందా, ఎంతకిస్తాడు అనే లెక్కలో ఉన్న కంటికి మిక్సీ మిక్సీలాగే కనిపిస్తుంది, రంగులా కనిపించదు.

పరిష్కారం: ఇంటి దగ్గరే ఒక రంగు అనుకుని బయల్దేరండి. ఓ గురువారం నేను ఆకుపచ్చ ఒక్కటే అనుకున్నాను. పెచ్చులూడిన కిటికీ రెక్క, ఎనామిల్ పళ్ళెం అంచు, ప్లాస్టిక్ మగ్గు, వెలిసిపోయిన చీర కొంగు వరసగా తగిలాయి. అన్నీ ఆకుపచ్చే, ఏ రెండూ ఒకటి కావు. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఇంకో సులువు: అది తీసేసి చూడండి. వస్తువులు చెరిగిపోయి రంగు ముద్దలే మిగులుతాయి. లేనివాళ్ళు మాన్యువల్ ఫోకస్ పెట్టి కావాలనే మసకబార్చుకోవచ్చు.

సమస్య: విడిగా బాగున్న రంగు ఫ్రేములో చప్పగా ఉంది

దోషం ఆ రంగుది కాదు, పక్కదానిది. పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగం చూసిన షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు ఇదే ఫిర్యాదు వచ్చింది, నల్లరంగు నల్లగా ఉండటం లేదని. చూస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనున్న పోగుల రంగు వల్ల కంటికి అలా తోస్తోంది. 1839లో దీనిమీద ఆయన పెద్ద పుస్తకమే అచ్చువేశాడు.

కాబట్టి వస్తువును మార్చకండి, దాని కింద పరిచింది మార్చండి. నా సంచిలో ఎప్పుడూ రెండు జాకెట్టు ముక్కలుంటాయి, ఒకటి బూడిద రంగు, ఒకటి నలుపు. నీలం టార్పాలిన్ మీద కళ్ళు పొడిచే నారింజ రంగు పళ్ళెం బూడిద గుడ్డ మీద నెమ్మదిస్తుంది. రెండు ఘాటు రంగులు ఉండి తీరాలంటే ఒకదానికి ఫ్రేములో ముప్పావు వంతు ఇచ్చి, రెండోది చిటికెడు ఉంచండి.

సమస్య: అక్కడ చూసిన రంగు ఇంట్లో స్క్రీన్ మీద లేదు

ఎక్కువమంది కెమెరాను తిడతారు. తలెత్తి చూస్తే సంగతి తెలుస్తుంది. పైన నీలం టార్పాలిన్ ఉంటే దాని గుండా దిగే వెలుతురంతా నీలమే. పక్కన ఎల్ఈడీ బల్బు ఉంటే దానిదొక రంగు. ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును బట్టి తెలుపును తెల్లగా చూపేలా కెమెరా తనంతట తాను చేసే సర్దుబాటు) ఈ రెండిటి మధ్య ఊగిసలాడుతుంది, వరసగా తీసిన రెండు ఫొటోల్లోనే తేడా వస్తుంది.

వీలైతే వస్తువును పందిరి బయటికి, నీడపట్టుకి జరిపించండి. కుదరకపోతే ఆ వెలుతురులోనే గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీసి, దాన్ని బట్టి వైట్ బ్యాలెన్స్ బిగించండి. రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫొటో) తీస్తే తర్వాత కూడా దిద్దుకోవచ్చు. కానీ రెండు రంగుల వెలుతురు ఒకే గుడ్డ మీద పడితే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా కాపాడదు.

ఎరుపు ఒక్కటే ముద్దలా వచ్చి నేత కనపడకపోతే అది వేరే జబ్బు. మామూలు హిస్టోగ్రాం (ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) బాగానే ఉన్నా, ఎరుపును విడిగా చూపే ఛానెల్ మాత్రం నిండిపోయి ఉంటుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపులో (వెలుతురును సగం చేసే మెట్టులో) మూడింట రెండు వంతులు తగ్గించండి. ఫోన్లో అయితే స్క్రీన్ నొక్కినప్పుడు వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే సరి.

సమస్య: ఇక్కత్ చీర డిజైన్ ఎన్నిసార్లు తీసినా మసకే

ఇక్కడ తప్పు మీది కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో నేతకు ముందే నూలును కట్లు కట్టి రంగులో ముంచుతారు. మగ్గం మీద ఆ పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా డిజైన్ అంచు ఈకల్లా చెదురుతుంది. దాని అందమే అది! ఫోకస్ డిజైన్ అంచు మీద కాకుండా పోగు మీద చూసుకోండి. పోగు స్పష్టంగా ఉంటే ఫొటో బాగున్నట్టే. అదే మచిలీపట్నం అచ్చు కలంకారీ అయితే అచ్చుకీ అచ్చుకీ అతుకు దగ్గర చిన్న తప్పు దొరుకుతుంది. నేనైతే గుడ్డ మొత్తం వదిలేసి ఆ అతుకునే తీస్తాను.

సమస్య: సన్నగళ్ళ గుడ్డ మీద లేని అలలు వచ్చాయి

గళ్ళూ, సెన్సర్ మీది పిక్సెళ్ళ వరసలూ ఒకదాన్నొకటి గిల్లుకుంటే ఇలా అవుతుంది. ఒక అడుగు ముందుకో వెనక్కో వెయ్యండి, లేదా కెమెరాను కాస్త వంచండి. అక్కడే పూర్తి జూమ్‌లో చూసుకోండి. చిన్న స్క్రీన్ మీద లేని అలలు కూడా కనపడి భయపెడతాయి.

సమస్య: ట్యూబ్‌లైటు కొట్లో తీస్తే అడ్డ చారలు

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు. చుట్టుకు రెండుసార్లు చొప్పున ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ వేగం సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర పెట్టండి.

సమస్య: కొట్టతను ఫొటో వద్దంటున్నాడు

అడక్కుండా తీశారు గనక. ముందు ఏదైనా పది, ఇరవై రూపాయల వస్తువు కొని, తర్వాత "భయ్యా, ఒక్క ఫొటో తీసుకోనా?" అనండి. జనం పలచగా ఉండే పొద్దుటి పూట అయితే ఆయనే సామాను సర్ది పెడతాడు. అయినా వద్దంటే వద్దనే.

సమస్య: కొన్న పాత పట్టుచీర బ్యాక్‌డ్రాప్‌గా కట్టగానే చిరిగింది

ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే పట్టు ఆ గీత వెంబడే పెళుసవుతుంది. తాడుకు వేలాడదీస్తే బరువంతా అక్కడే పడుతుంది. అట్టముక్క మీద పరిచి పైనుంచి తీయండి. పని అయ్యాక మడత పెట్టకుండా, పాత నూలు గుడ్డ చుట్టిన పైపుకు చుట్టి దాచండి.