క్యాంపింగ్‌కి నీళ్లు ఎలా తీసుకెళ్లాలి? డబ్బా కొనడం నుంచి కడిగి ఆరబెట్టేదాకా

దక్షిణ కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్క్ ఎడారి ప్రాంతం. అక్కడి జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఇళ్లంత బండరాళ్లు ఉంటాయి, కూర్చోడానికి టేబుల్, మంట వేసుకోడానికి చోటు, నీళ్లు రాని గుంట మరుగుదొడ్లు ఉంటాయి. కుళాయి మాత్రం ఉండదు. ఆ పార్కులోని క్యాంప్‌గ్రౌండ్లలో తాగునీటి కుళాయిలు ఉన్నవి బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ రెండే. మిగతా చోట్ల దిగితే ప్రతి చుక్కా మనం మోసుకెళ్లాల్సిందే.

మా అమ్మ ఇండియా నుంచి వచ్చిన ఏడాది నలుగురం అక్కడికి బయల్దేరాం. కారు వెనక సర్దిన నీలం డబ్బాలు చూసి అమ్మ అడిగిన మొదటి మాట: "ఏరా, వీటిలో మంచినీళ్లేవి, వాడకం నీళ్లేవి?" నా దగ్గర సమాధానం లేదు. అన్నీ ఒకటే అనుకున్నాను. అమ్మ పాత చీర అంచు చింపి మూడు డబ్బాల పిడులకి కట్టి, "ఇవి మంచినీళ్లు, వీటిలో ఎవరూ చెయ్యి పెట్టకండి" అంది. అప్పటి నుంచి ఎన్ని ట్రిప్పులకి వెళ్లినా నీళ్ల ప్లాన్ మొత్తం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.

ముందు లెక్క వేయండి

జాషువా ట్రీకి వచ్చేవాళ్లు మనిషికి రోజుకి కనీసం 1 గ్యాలన్, కొండలెక్కి తిరిగే రోజున 2 గ్యాలన్లు తెచ్చుకోవాలని పార్కు వాళ్లు చెబుతారు. గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. ఈ లెక్క తాగడానికి, వంటకి బాగానే సరిపోతుంది. కానీ మనం బియ్యం కడుగుతాం, పప్పు అంటిన స్టీలు కంచాలు కడుగుతాం, మరుగుదొడ్డికి చెంబుతో నీళ్లు తీసుకెళ్తాం. ఇవేవీ ఆ లెక్కలోకి రావు. అందుకే వాడకానికి విడిగా మనిషికి రోజుకి ఇంకో గ్యాలన్‌కి కాస్త తక్కువగా కలుపుకోండి.

నలుగురికి రెండు రోజులకి, అందులో ఒక రోజు నడక ఉంటే, మా ఇంట్లో లెక్క ఇది: తాగడానికి, వంటకి 12 గ్యాలన్లు, వాడకానికి 7. మొత్తం 19 గ్యాలన్లు, అంటే దాదాపు 72 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి కారులోకి ఇంకో పెద్దమనిషి ఎక్కినట్టే. డ్రైవర్ తలుపు పక్కన ఉండే స్టిక్కర్‌లో ఆ కారు ఎంత బరువు మోయగలదో రాసి ఉంటుంది. మనుషులు, సామాను, నీళ్లు కలిపి అది దాటకుండా చూసుకోండి.

డబ్బా ఎంచుకోవడం

షాపులో అందరి కళ్లూ 7 గ్యాలన్ల పెద్ద డబ్బా మీదే పడతాయి. నిండితే అది 26 కిలోలు దాటుతుంది. దాన్ని కారులోంచి దించి టేబుల్ మీదకి ఎత్తేది ఎవరో కొనేముందే ఆలోచించండి. మంచినీళ్లకి నేను మూడు 4 గ్యాలన్ల డబ్బాలు వాడతాను. ఒక్కోటి 15 కిలోలు, ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఎత్తగలరు. పైగా ఒకటి కారినా మిగతా రెండూ ఉంటాయి. పెద్ద డబ్బా వాడకం నీళ్లకి సరిపోతుంది. దాన్ని కారు వెనక అంచునే ఉంచి, అక్కడి నుంచే కుళాయి తిప్పుకోవచ్చు.

డబ్బా అడుగున త్రికోణంలో అంకె చూడండి. 2 అంటే హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్, 5 అంటే పాలీప్రొపిలీన్. నీళ్ల డబ్బాలకి ఈ రెండూ మంచివే. 7 అంటే రకరకాల ప్లాస్టిక్‌లు, అందులో బీపీఏ (ఒంటికి మంచిది కాదనే రసాయనం) ఉండే పాలీకార్బొనేట్ కూడా ఒకటి. అంకెతో పాటు ఆహారానికి, తాగునీటికి పనికొస్తుందని రాసి ఉందో లేదో కూడా చూడాలి, ఎందుకంటే పెట్రోలు డబ్బాలు కూడా హెచ్‌డీపీఈతోనే చేస్తారు. అమెరికాలో పెట్రోలుకి ఎరుపు, డీజిల్‌కి పసుపు, కిరోసిన్‌కి నీలం డబ్బాలు వాడతారు. నీళ్ల డబ్బాలు కూడా ఎక్కువగా నీలమే. కాబట్టి రంగును నమ్మకండి, ఎవరో వాడిన డబ్బా అసలే తీసుకోకండి. కిరోసిన్ వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు.

మూత తీసి లోపలికి చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి దూరితే రుద్ది కడగొచ్చు. దూరకపోతే ఏడాది తిరిగేలోపు అడుగున జిగురు పడుతుంది, పొడుగు బ్రష్ కొనుక్కోవాలి. గాలి వెళ్లడానికి వేరే చిన్న మూత ఉందా అన్నది కూడా ముఖ్యమే. అది లేకపోతే నీళ్లు గ్లబ్ గ్లబ్‌మంటూ ఆగి ఆగి వచ్చి సగం నేలపాలవుతాయి.

మడతపెట్టే సంచి డబ్బాలు ఖాళీ అయ్యాక చోటు ఆక్రమించవు, నిజమే. కానీ మడతలు పడే మూలల్లో కొన్నాళ్లకి చీలతాయి. వాటిని అదనంగా ఉంచుకోండి, వాటి మీదే ఆధారపడకండి. పాల డబ్బాలు కడిగి నీళ్లు పోసుకోవడం అసలే వద్దు. లోపల మిగిలే పాల జిడ్డు పూర్తిగా వదలదు, అందులో క్రిములు పెరుగుతాయి.

బయల్దేరే ముందు రోజు

కొత్త డబ్బాకి ప్లాస్టిక్ వాసన ఉంటే రెండు చెంచాల బేకింగ్ సోడా వేసి నీళ్లు నింపి రాత్రంతా ఉంచండి. తర్వాత సబ్బుతో కడిగి, క్రిములు పోవడానికి ఇలా చేయండి: లీటరు నీళ్లలో ఒక టీస్పూను మామూలు బ్లీచ్ (సువాసన కలపనిది) కలిపి డబ్బాలో పోసి, మూత బిగించి, గోడలన్నీ తడిసేలా బాగా ఊపండి. కనీసం అర నిమిషం ఉంచండి. కుళాయి తిప్పి కొంచెం దాని గుండా కూడా పోనివ్వండి. పారబోసి, మంచినీళ్లతో తొలవండి. ఇంటి కుళాయిలో మున్సిపల్ నీళ్లు వస్తుంటే వాటిలో క్లోరిన్ ఉంటుంది, మళ్లీ ఏమీ కలపక్కర్లేదు.

డబ్బా సింకులో పట్టదు, ఆ సంగతి నింపబోయేటప్పుడే తెలుస్తుంది. అప్పుడు చాలామంది తోటకి నీళ్లు పెట్టే గొట్టం అందుకుంటారు. అది తాగునీటి కోసం చేసింది కాదు, ఎండకి మరిగిన రబ్బరు వాసనంతా నీళ్లలోకి దిగుతుంది. శుభ్రమైన జగ్గుతో పోసుకోండి, పది నిమిషాలు ఎక్కువ పడితే పట్టనివ్వండి.

నింపాక డబ్బాని పాత పేపరు మీద కుళాయి కిందికి వచ్చేలా పడుకోబెట్టి గంట సేపు వదిలేయండి. పేపరు తడిస్తే వాషర్ సరిగా కూర్చోలేదని అర్థం. ఇంట్లో తడిసిన పేపరు మేలు. మా మొదటి ట్రిప్పులో ఈ పరీక్ష చేయకపోవడం వల్ల రాత్రంతా ఒక్కో చుక్కా కారి, తెల్లారేసరికి టేబుల్ కింద ఇసుక ముద్దయింది, డబ్బాలో సగమే మిగిలాయి. ఆ రోజంతా ఎంత టెన్షన్ పడ్డామో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే రబ్బరు వాషర్ ఒకటి అదనంగా సంచిలో వేసుకోండి.

కారులో బరువంతా కిందే ఉండాలి. వెనక సీటుకి ఆనించి, నేల మీద నిలబెట్టి, పట్టీతో కట్టేయండి. గట్టిగా బ్రేక్ వేస్తే 15 కిలోల డబ్బా ముందుకి ఎగిరొస్తుంది. కారు పైకప్పు మీద మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

అక్కడికి చేరాక

మంచినీళ్ల డబ్బా టేబుల్ అంచున, కుళాయి బయటికి వచ్చేలా పెట్టి, మీద మందపాటి దుప్పటి కప్పండి. వెలుతురు తగిలితే నాచు పడుతుంది. కింద చిన్న గిన్నె తప్పనిసరి. జాషువా ట్రీలో తేనెటీగలకి నీళ్లు దొరకవు, ఎండలు ముదిరే కాలంలో కారు ఏసీ నుంచి కారే తడికి కూడా మూగుతాయి. కారే కుళాయి ఉంటే మీ టేబుల్ దగ్గరికే వచ్చేస్తాయి. గిన్నెలో పడ్డ నీళ్లని వెంటనే వాడేసి, కుళాయి చివర గుడ్డతో తుడవండి.

బియ్యం కడిగిన నీళ్లు పారబోయకండి. కంచాలు ముందు కాగితంతో గట్టిగా తుడిచి, ఈ కడుగుతో ఒకసారి రుద్ది, తర్వాత వాడకం నీళ్లతో తొలిస్తే నలుగురి కంచాలకి రెండు లీటర్లు చాలు. మిగిలిన మురికి నీళ్లని బకెట్‌లో పట్టండి. ఎక్కడ పోయాలో క్యాంప్‌గ్రౌండ్ బోర్డు మీద చూసి అక్కడే పోయండి.

ఆర్వీలో వెళ్తుంటే

ఈ పార్కులో ఆర్వీలకి (లోపలే వండుకుని పడుకునే ఇల్లులాంటి బండ్లకి) నీళ్ల కనెక్షన్ గానీ కరెంటు కనెక్షన్ గానీ ఉండవు. బండిలో ట్యాంకు ఉంది కదా అనుకోవచ్చు. కానీ అద్దె బండి ట్యాంకుని ఎవరు ఎప్పుడు కడిగారో మనకి తెలియదు. ఆ నీళ్లని వాడకానికి ఉంచి, తాగడానికి డబ్బాలే తీసుకెళ్లమని నా సలహా. మీ సొంత బండి అయితే 15 గ్యాలన్లకి పావు కప్పు బ్లీచ్ లెక్కన నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, ప్రతి కుళాయిలోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి, ఖాళీ చేసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగండి.

బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ దగ్గర నీళ్లు పట్టుకోవచ్చు, మురికి ట్యాంకు ఖాళీ చేసే చోటు కూడా అక్కడే. రెండు కుళాయిల మీదా రాసింది చదవండి. గొట్టాలు కడిగే కుళాయి నీళ్లు తాగేవి కావు. తాగునీటి గొట్టం వేరే సంచిలో, మూతులు కప్పి ఉంచండి, అది మురికి గొట్టానికి ఎప్పుడూ తగలకూడదు.

బండి కదల్చకుండా డబ్బాతో ట్యాంకు నింపాలంటే రంధ్రం ఛాతీ ఎత్తున ఉంటుంది. 15 కిలోలు ఎత్తి పట్టుకుని పోయడం నడుముకి మంచిది కాదు. 12 వోల్టుల చిన్న పంపు ఉంటే డబ్బా నేల మీదే ఉంటుంది.

ఇంటికొచ్చాక

మిగిలిన నీళ్లు మొక్కలకి పోసేయండి. డబ్బా కడిగి, మళ్లీ బ్లీచ్ నీళ్లతో ఊపి, కుళాయి విప్పి తలకిందులుగా రెండు రోజులు ఆరనివ్వండి. పూర్తిగా ఆరకుండా మూత బిగిస్తే బూజు పడుతుంది. గరాజ్‌లో పెట్రోలు డబ్బా, పెయింట్లు ఉండే మూల పెట్టకండి, ప్లాస్టిక్ ఆ వాసన పీల్చుకుంటుంది. మా డబ్బాలు బట్టల బీరువా పైన, మూతలు విడిగా ఒక సంచిలో, పిడులకి అమ్మ కట్టిన చీర అంచులతోనే ఉన్నాయి.