అపెండిక్స్ ఆపరేషన్ బిల్లు ఎక్కడ పెరుగుతుంది: సమస్య - పరిష్కారం

పోయిన వానకాలంలో మా మేనల్లుడికి రాత్రిపూట బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లారేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. వాంతులు, జ్వరం కూడా. దేవరకొండ నుంచి నల్లగొండ తీసుకెళ్తే అపెండిక్స్ అన్నారు, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు. ఒక దవాఖానలో చెప్పిన రేటుకూ పక్క వీధిలో చెప్పిన రేటుకూ చాలా తేడా ఉంది. డిశ్చార్జి రోజు బిల్లు ఆ రెండింటినీ దాటింది. ఆ టెన్షన్‌లో మాకు తట్టని సంగతులు ఇవి.

సమస్య: ఒక్కో దవాఖానలో ఒక్కో రేటు

కారణం: "ఆపరేషన్‌కు ఎంత?" అంటే కొందరు సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ వరకే చెబుతారు. కొందరు మత్తు డాక్టర్, మందులు, గది అన్నీ కలిపి చెబుతారు. మన పట్టణాల్లో మత్తు డాక్టర్ చాలాచోట్ల బయటి నుంచే వస్తారు, ఆ ఫీజు వేరుగా పడుతుంది. కోసి చేసే ఆపరేషన్‌కు ఒక ఖర్చు, చిన్న రంధ్రాల నుంచి కెమెరాతో చేసే ల్యాప్రోస్కోపీకి ఒక ఖర్చు. ల్యాప్రోస్కోపీలోనూ అపెండిక్స్ మొదలు దగ్గర దారంతో ముడి వేస్తే తక్కువ, స్టేప్లర్ వాడితే ఎక్కువ. చాలామందికి తెలియనిది గది సంగతి. ఎన్నో దవాఖానల్లో జనరల్ వార్డు నుంచి సింగిల్ రూమ్‌కు మారితే గది అద్దెతో పాటు సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి.

ఏం చేయాలి: రేటులో ఏమేం ఉన్నాయో, ఎన్ని రోజులకో కాగితం మీద రాయించుకోండి. మాకు నోటిమాటే మిగిలింది.

సమస్య: చెప్పినదానికంటే బిల్లు పెరిగింది

కారణం: ఎక్కువసార్లు లోపల అపెండిక్స్ పగిలిపోయి ఉండటమే. అప్పుడు కడుపులో చీము కడగాలి, ట్యూబు పెట్టాలి, బలమైన యాంటీబయాటిక్స్ ఎక్కించాలి, ఒక్కోసారి ఐసీయూ కూడా కావాలి. రెండు మూడు రోజుల్లో ఇంటికి రావాల్సిన మనిషి వారం దాటినా మంచం మీదే ఉంటాడు. మావాడికి అదే అయింది. గ్యాస్ నొప్పేమోనని ఒక రాత్రంతా ఆగాం.

ఏం చేయాలి: "పగలకపోతే ఎంత, పగిలితే ఎంత?" అని రెండు అంకెలూ ముందే అడగండి. నాలుగు చోట్ల బేరం కోసం తిరగొద్దు. ఆ గంటల్లోనే చిన్న ఆపరేషన్ పెద్దదవుతుంది. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

సమస్య: చేతిలో పైసలు లేవు

ముందు ప్రభుత్వ దవాఖాన గుర్తుకు రావాలి. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. వాటి ఆసుపత్రుల్లో సర్జన్లు ఉంటారు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో కుటుంబానికి పరిమితి ఏడాదికి 10 లక్షలు. అయితే అన్ని ఆపరేషన్లూ అన్ని ప్రైవేటు దవాఖానల్లో ఆరోగ్యశ్రీ కింద చేయరు. అందుకే అడ్వాన్సు కట్టకముందే కౌంటర్ దగ్గరున్న ఆరోగ్యమిత్రను (ఆరోగ్యశ్రీ పని చూసే మనిషిని) "ఈ ఆపరేషన్ ఇక్కడ వర్తిస్తుందా?" అని అడగండి. 104కి ఫోన్ చేసినా చెబుతారు.

సమస్య: ఇన్సూరెన్స్ ఉన్నా సగం మనమే కట్టాల్సి వచ్చింది

కారణం గది అద్దె పరిమితి. పాలసీలో రోజుకు 3,000 ఉండగా 6,000 గది తీసుకుంటే, చాలా పాలసీల్లో సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీ లాంటివి కూడా సగమే ఇస్తారు. అవి 40,000 అయితే 20,000 మన మీద పడుతుంది. పరిమితిలోపు గదే అడగండి.

డిశ్చార్జి రోజు మొత్తం అంకె ఒక్కటే ఉన్న బిల్లు తీసుకోవద్దు. దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు పొందడం రోగి హక్కు. గ్లౌజులు, సిరంజిలు, వాడకుండా మిగిలిన మందులు లెక్క చూసుకోండి. మిగిలినవి ఫార్మసీలో వాపసు ఇస్తే మాకు కొంత తిరిగి వచ్చింది. తీసిన అపెండిక్స్‌ను బయాప్సీకి (ల్యాబ్ పరీక్షకు) పంపుతారు, దాని ఖర్చు చాలాచోట్ల ప్యాకేజీలో ఉండదు. ఆ రిపోర్టు ఎప్పుడు వస్తుందో కనుక్కుని, వచ్చాక డాక్టరుకు తప్పకుండా చూపించండి.