ఊరి చెరువు గట్టు కారుతుంటే ముందు ఒక సీసా పట్టండి

పొలాలకు నీళ్లిచ్చిన రోజుల్లో చెరువు వేసవికి ఎండేది. గట్టు లోపలి వాలు కళ్లకు కనిపించేది, పాడైన చోట నాలుగు తట్టల మట్టి పడేది. అదే చెరువు పార్కు అయ్యాక పడవల కోసం పన్నెండు నెలలూ నిండుగా ఉంచుతున్నారు. గట్టుకు ఆరే రోజే లేదు. బరంపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల పాత గట్ల పనుల్లో నేను చూసిన జబ్బులు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

గట్టు వెనకవైపు ఊట

వాలు అడుగున ఒకచోటే గడ్డి పచ్చగా ఉందంటే అక్కడ ఊట ఉన్నట్టే. గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి పావుగంట కదపకుండా ఉంచండి. తేటగా ఉంటే వారం వారం చూస్తూ, ఊట పెరుగుతోందేమో రాసుకుంటే చాలు. అడుగున మట్టి పేరుకుంటే మాత్రం నీటితోపాటు గట్టు కూడా లోపలినుంచి కొట్టుకుపోతోందని అర్థం. అలాంటి ఊటను ఒక్క రోజు కూడా వదిలేయకూడదు.

అందరూ చేసే తప్పు, ఊటను వెనకనుంచి సిమెంటుతోనో బంకమట్టితోనో మూసేయడం. ఒక పట్టణ చెరువు దగ్గర కాంట్రాక్టరు ఇలాగే పూత వేయించాడు. వారం తిరక్కుండా నాలుగు బారల దూరంలో ఎర్రటి నీళ్లు ఉబికాయి. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర లేదు. నీటికి దారి ఇవ్వాలి, మట్టిని ఆపాలి. ఊట మీద ముందు శుభ్రమైన బరక ఇసుక, దానిపై చిన్న కంకర, ఆపైన రాళ్లు పరవాలి. నేలలోంచి ఇసుక బుగ్గలా పొంగుతుంటే చుట్టూ ఇసుక బస్తాలు పేర్చి లోపల నీటిమట్టం పెరగనివ్వండి. తేట నీళ్లు వచ్చేసరికి బస్తాలు పేర్చడం ఆపేయాలి, పూర్తిగా కట్టేయకూడదు.

మదుం, అంటే గట్టు అడుగున నీళ్లు వదిలే తూము, దాని పక్కనుంచి కారితే మరింత జాగ్రత్త. తూము గొట్టానికీ మట్టికీ మధ్య దిమ్మిస (మట్టి గట్టిపడేలా కొట్టే దెబ్బ) సరిగ్గా పడదు, నీళ్లకు అదే సులువైన దారి. దీనికి పైపై మందు లేదు. చెరువు దించి, గొట్టం వెంట తవ్వి, మళ్లీ కట్టాల్సిందే. నీళ్లు రోజుకు అడుగుకు మించి దించకండి. నానిన లోపలి వాలు ఒక్కసారిగా ఆసరా పోయి జారిపోతుంది.

గట్టు మీద చీలికలు

ఎండకు నెర్రెలిచ్చిన సన్న గీతలకు టెన్షన్ పడక్కర్లేదు. గట్టు వెంట పొడవుగా చీలితే వాలు జారుతోందేమో చూడాలి. గట్టుకు అడ్డంగా చీలితే అది నీళ్లకు తెరిచిన తలుపే. టైల్స్ పరిచిన చోట చీలిక కనబడదు కాబట్టి సందులు పెరగడం, రెయిలింగ్ వంగడం గమనించండి.

చీలికలో సున్నపు నీళ్లు పోయించి పక్కన తవ్వితే, మట్టిలో తెల్లటి చార ఎక్కడిదాకా దిగిందో తెలుస్తుంది. ఆ చార ఆగిన చోటు నుంచి ఇంకో అడుగు లోతుకు తవ్వి, అదే రకం మట్టిని జానెడుకు మించని పొరలుగా వేసి దిమ్మిస కొట్టించాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. అదీ తడి లెక్క.

గట్టు మీద చెట్లు

నీడ కోసం రావి, మర్రి నాటుతారు. నాటకండి. ఇప్పటికే పెరిగిన చెట్టును కొట్టేసి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి లోపల సొరంగాలు మిగులుతాయి. నీరు తగ్గినప్పుడు మొద్దు, వేళ్లు తీసి గుంతను పొరలుగా పూడ్చాలి. గట్టుకు గడ్డి చాలు.

అలుగు

చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లే దారి అలుగు. వేసవిలో పడవలు ఆడాలని దాని మీద బస్తాలు, పలకలు పెట్టి నీటిమట్టం పెంచుతారు. చేపలు పోకుండా వలలు కడతారు. వాటికి చెత్త పట్టి వరద గట్టు దాటుతుంది. మట్టి గట్టు మీదుగా నీరు పొర్లితే గండి పడటానికి గంటలు చాలు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటాయి. రెండూ చెరువులు నిండి ఉండే రోజుల్లోనే వచ్చాయి.

పది మీటర్ల లోపు ఎత్తున్న గట్లు 2021 ఆనకట్టల భద్రతా చట్టం కిందికి రావు. వీటిని చూసుకోవాల్సింది పట్టణమే. మరమ్మతులు ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించండి. సెప్టెంబరు రాకముందే అలుగు మీద బస్తాలు, వలలు తీయించి, గట్టు పొడవునా లెవెల్ పట్టించి ఎత్తు కొలిపించండి. జనం ఎక్కి దిగే గేటు దగ్గర గట్టు ఎంత కుంగిందో అప్పుడే బయటపడుతుంది. ముందు మట్టి వేయాల్సింది అక్కడే.