సీరియల్లో ప్రేక్షకుడి తరఫున ఎవరు నిలబడాలి?

అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా కథకు దక్కేది సుమారు 22 నిమిషాలు. కాబట్టి ప్రేక్షకుడు ఎవరి పక్కన కూర్చోవాలో సీన్ ఆర్డర్ వేసేటప్పుడే తేల్చుకోండి.

నాయిక కూకట్‌పల్లి అత్తింట్లో కొత్తగా అడుగుపెట్టిన కోడలైతే ఆమే చాలు. ఆమెతోపాటే మనమూ ఇల్లు చూస్తాం. నాయిక మననుంచి ఏదైనా దాస్తున్నా, మనకంటే బాగా తెలివైనదైనా, మన తరఫున అడిగే పక్కపాత్ర తప్పదు. 1887లో మొదలైన డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ కథల్లో ఎక్కువ భాగం అతని స్నేహితుడు వాట్సన్ చెప్పేవే. హోమ్సే చెబితే గుట్టు ముందే తెలిసిపోతుంది.

సీన్ రాశాక, చూసేవాళ్లకు వచ్చే సందేహాలను మార్జిన్‌లో రాసుకోండి. అమీర్‌పేట హాస్టల్ గదిలో నాయిక చీటీ కాగితం మీద సంతకం పెట్టి, మడతపెట్టి దిండు కింద దాచింది. రెండు మూడు డైలాగుల్లోపే రూమ్మేట్ అడగాలి: "చదవకుండానే సంతకం పెట్టేశావేంటే?" జవాబు సగమే రావాలి. మొత్తం చెప్పేస్తే రేపటి ఎపిసోడ్‌కి ఏమీ మిగలదు.

ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే: "నీకు తెలుసుగా, మూడేళ్ల కిందట మీ నాన్న..." ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు చెప్పుకుంటే, అది మనకోసమేనని ఇట్టే దొరికిపోతుంది. రూమ్మేట్‌కి సొంత నష్టం పెట్టండి. నాయిక చీటీకి తనే హామీ ఉందనుకోండి, అప్పుడు ఆ ప్రశ్న భయంలోంచి వస్తుంది.

పక్కపాత్రను నవ్వులకే వాడకండి, ఏడుపు సీన్లో ఆమె మాట ఎవరూ నమ్మరు. జవాబు విన్నాక ఆమె ముఖం మీద క్లోజప్ కావాలని స్క్రిప్టులోనే రాయండి.